బోర్డు తుడిచేలోపు



సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వచ్చేవాళ్లకు దారిపొడుగునా కాలేజీ బోర్డులే. ఎక్కువ ఇంజనీరింగువి. ఇవాళ ఇక్కడ పట్టాలు తీసుకునేది మాత్రం బీ.ఫార్మసీ వాళ్లూ, బీ.ఎడ్. వాళ్లూ. ఈ ఇద్దరికీ కలిపి చెప్పే సంగతి ఏముంటుందని ప్రిన్సిపాల్ గారు ఫోన్లో కాస్త అనుమానపడ్డారు. ఉంది. పిల్లలకొచ్చే రక్తక్యాన్సర్, లుకేమియా. దాని మందులు మీలో కొందరి చేతుల మీదుగా వెళ్తాయి. ఆ మందులతో బతికి బయటపడ్డ పిల్లలు మీలో మిగతావాళ్ల క్లాసులో వచ్చి కూర్చుంటారు. నేను పిల్లల సైకాలజిస్టుని. ఆ మందుకీ ఆ క్లాసుకీ మధ్య జరిగేదాన్ని చూడటమే నా ఉద్యోగం.

ఫార్మసీ వాళ్లకు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తెలిసే ఉంటుంది. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకు తిరిగినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. పట్టాలిచ్చే సభల్లో ఈ ముక్క చెప్పడం నాకు సరదా. 1920ల తొలినాళ్లలో హార్వర్డుకు చేరి, 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషిని తీసుకుపోయే స్ప్రూ అనే జబ్బు ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ రక్తహీనతకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1940ల నడుమ ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసింది.

కథ అక్కడ తిరగబడింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోని మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అందకుండా చేస్తే? సుబ్బారావు గారి బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండే మందులు చేసి పంపింది. దొంగ తాళంచెవిలా అవి తాళంలో దూరతాయి, తాళం తిరగదు, అసలు చెవికి చోటుండదు. కణం రెండుగా చీలడం ఆగిపోతుంది. అలాంటి అమైనోప్టెరిన్‌ను పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందికి కొన్నాళ్లపాటు జబ్బు తగ్గింది. ఫార్బర్ ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చువేశాడు. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ మందుకు తోబుట్టువు మెథోట్రెక్సేట్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించుకున్నా, అమెరికాలో చూపించుకున్నా, చికిత్సలో ఏదో ఒక దశలో అది ఒంట్లోకి ఎక్కాల్సిందే.

భీమవరం పిల్లాడు ప్రపంచాన్ని గెలిచాడని మనం ఇక్కడితో ఆపేస్తాం. విగ్రహాలకు దండలు వేస్తాం. నాకు పని మొదలయ్యేది ఇక్కణ్ణించే.

తొలిరోజుల్లో మందులు వేస్తే రక్తంలో జబ్బు మాయమయ్యేది. కొన్ని నెలలకు పిల్లాడు తలనొప్పితో, వాంతులతో మళ్లీ వచ్చేవాడు. మెదడులోకి మందులు సరిగ్గా వెళ్లవు కాబట్టి క్యాన్సర్ కణాలు అక్కడ దాక్కునేవి. 1960ల్లో అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ ఆస్పత్రిలో, డొనాల్డ్ పింకెల్ బృందం తెగించింది. జబ్బు కనిపించినా కనిపించకపోయినా ప్రతి పిల్లాడి తలకూ రేడియేషన్ ఇచ్చి, వెన్నులోకి సూదితో మెథోట్రెక్సేట్ ఎక్కించారు. దాదాపు అందరూ చనిపోయే జబ్బులో సగంమంది దాకా బతికారు. అంతకుముందు సగంమంది బతుకుతారని ఎవరూ అనలేకపోయారు.

ఆ పిల్లలు పెద్దవాళ్లవుతుంటే లెక్క తేలడం మొదలైంది. చదువులో వెనకబడుతున్నారు, పొడుగు పెరగడం లేదు, ఒక పని మీద మనసు నిలవడం లేదు. చికిత్స నాటికి ఐదేళ్లు నిండనివాళ్లలో ఎక్కువగా, మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. దాంతో రేడియేషన్ మోతాదు 24 గ్రే నుంచి 18కి, 12కి తగ్గిస్తూ వచ్చారు. చివరికి సెయింట్ జూడ్ వాళ్లే, ముందుజాగ్రత్త రేడియేషన్ ఎవరికీ ఇవ్వకుండా చేసిన చికిత్స ఫలితాలు 2009లో ప్రకటించారు. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 93 శాతం పైనే. బతికించడంతో సంతృప్తిపడకుండా, బతికిన పిల్లాడు ఎలా ఉన్నాడో వెంటపడి చూసినవాళ్లు ఉండబట్టే ఆ రేడియేషన్ తగ్గింది.

అయినా పీడ పూర్తిగా విరగడ కాలేదు. రేడియేషన్ లేకుండా మందులే వాడిన పిల్లల్లోనూ కొందరికి అవే ఇబ్బందులు, కాస్త తక్కువగా. నాడుల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు చిన్నతనమంతా పెరుగుతూనే ఉంటుంది. ఆ తొడుగు వల్లే మెదడులో కబుర్లు వేగంగా అందుతాయి. అది పెరగడానికి ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ అడ్డుకునేది ఆ ఫోలేట్‌నే. ఈ జబ్బు ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య వస్తుంది, చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. తొడుగు ఇంకా అల్లుకుంటూ ఉండే వయసది.

నా బల్ల మీద జరిగేది చెప్తాను, పిల్లాణ్ణి గుర్తుపట్టే వివరాలు లేకుండా. ఈ చుట్టుపక్కల పల్లె నుంచే అనుకోండి. ఐదో తరగతి. జబ్బు నయమై చాలా ఏళ్లయింది. ఒక కాగితం ముందు పెట్టాను. పైవరసలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో గుర్తు. కింద వరసల నిండా అంకెలున్న గళ్లు. ప్రతి అంకె కిందా దాని గుర్తు గీయాలి. రెండు నిమిషాల సమయం. ఆ వయసు పిల్లలు కాసేపటికి పైకి చూడటం మానేస్తారు, గుర్తులు నోటికొచ్చేస్తాయి. వీడు ప్రతి గడికీ ఎడమచేతి వేలు పైవరసకు తీసుకెళ్లి, అంకె వెతికి, గుర్తు చూసి, కిందికొచ్చి, పెన్సిలు సర్దుకుని గీశాడు. ఆ సర్దుకోవడానికీ కారణముంది. విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు వేళ్ల చివర నరాలను మొద్దుబారుస్తుంది. సమయం అయిపోయేసరికి సగం గళ్లు ఖాళీ. నింపిన వాటిలో తప్పు ఒక్కటీ లేదు.

వాళ్లమ్మ పక్కనే కూర్చుని చూసింది. "మావోనికి అన్ని తెలుసు మేడం. అడిగితే నోటితోటి మంచిగ చెప్తడు. రాయమంటెనే ఆగమైతడు. బోర్డు మీదిది సగం ఎక్కిచ్చుకునెవరకే సారు తుడిచేస్తడట" అంది.

ఆ తల్లి చెప్పినంత సూటిగా పుస్తకాల్లో ఉండదు. పిల్లాడి తెలివి ఎటూ పోలేదు, వేగం పోయింది. మొత్తం ఐక్యూ చూస్తే మామూలుగానే వస్తుంది, అందుకే రిపోర్టు పైపైన చూసినవాళ్లు ఏమీ లేదని పంపేస్తారు. చూపు, చెయ్యి, జ్ఞాపకం కలిసి పనిచేసే చోట, ఒక అంకెను మనసులో పట్టుకుని ఇంకో అంకెతో పని చేయాల్సిన చోట వాడు జారిపోతాడు. భాగహారంలో, భిన్నాల్లో, నాలుగు లైన్ల లెక్కలో. రెండో తరగతిలో ఇవేవీ ఉండవు కాబట్టి ఇబ్బందీ కనిపించదు. నేర్చుకున్నదేమీ వాడు మర్చిపోలేదు, పక్కవాళ్లకన్నా మెల్లగా నేర్చుకుంటున్నాడంతే. ఏటికేడాది ఆ ఎడం పెరుగుతుంది. ఐదారు తరగతుల్లో అది బయటపడేనాటికి ఆస్పత్రి ఫైలు అటకెక్కి ఉంటుంది. రెంటికీ ముడిపెట్టి చూసేవాళ్లుండరు. మొద్దు, మట్టిబుర్ర, బద్ధకం అని మాత్రం అంటారు.

ప్రవర్తన సంగతి ఇంకో తిప్పలు. చికిత్సలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడే రోజుల్లో పిల్లలు అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమంటారు, ఊరికే ఏడుస్తారు, కొడతారు. అది మందు చేసే అల్లరి, ఆపితే చాలామటుకు సద్దుకుంటుంది. తర్వాత మిగిలేది వేరు. ఆటల్లో వెనకబడి ఒక్కడే కూర్చోవడం, చిన్నదానికి బెదరడం, క్లాసులో కిటికీలోంచి చూస్తూ ఉండిపోవడం. ఇంట్లోవాళ్లూ గట్టిగా ఒక మాట అనరు. "బతికిచ్చుకున్నం గదా మేడం, ఇంకేమంటం" అంటారు. ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావేమోనని జబ్బు మాటే బడిలో ఎత్తరు. ఎక్కువ దెబ్బ తగిలేది ఆడపిల్లలకేనని ఇందాక చెప్పాను. నోరు విప్పనిదీ వాళ్ల విషయంలోనే.

ఇది అందరికీ జరగదు. చాలామంది చక్కగా చదువుకుంటారు, ఈ సభలోనే ఒకరో ఇద్దరో ఉన్నా నేను ఆశ్చర్యపోను. అమెరికాలో చిన్నప్పుడు రకరకాల క్యాన్సర్ల నుంచి బయటపడ్డవాళ్లను అడిగితే 23 శాతంమంది చదువులో ప్రత్యేక సాయం తీసుకున్నామన్నారు. వాళ్ల తోబుట్టువుల్లో అది 8 శాతం. ఆ తేడా గురించే నా మాటలన్నీ. వెనక కూర్చున్న తల్లిదండ్రులు ఇంకొకటి వినాలి. చికిత్స మధ్యలో మానేస్తే పోయేది మార్కులు కాదు, ప్రాణం. చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మన దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు ఆస్పత్రి దాకా వస్తుంది, బడి దాకా రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. రక్తానికి సంబంధించి తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, లుకేమియా లేదు. చదువుకు సంబంధించిన లోపం అనే గడి ఉంది కానీ అందులో ఈ పిల్లాణ్ణి ఇమిడ్చి సర్టిఫికెట్ తేవాలంటే తల్లిదండ్రుల చెప్పులరుగుతాయి. బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నీపిడ్ లాంటి జాతీయ సంస్థ పెట్టుకుని కూడా, చికిత్స ముగిసిన ప్రతి పిల్లాడికీ ఇలాంటి పరీక్ష మామూలు పద్ధతిగా మనం చేసుకోలేదు. ముంబై టాటా ఆస్పత్రిలో చికిత్స ముగిసిన పిల్లల కోసమే ఒక క్లినిక్ 1990ల నుంచి నడుస్తోంది. అలాంటిది ప్రతి పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికీ ఉండాలని నేను గట్టిగా అంటాను. ఎవరికి కోపమొచ్చినా సరే.

ఫార్మసీ వాళ్లకు రెండు మాటలు. మెథోట్రెక్సేట్ మాత్ర మెయింటెనెన్స్ దశలో వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. కవరు మీద "బుధవారం మాత్రమే" అని రోజు పేరు తెలుగులో పెద్దగా రాసి, పిల్లాడి తల్లి చేత ఒకసారి చదివించి ఇవ్వండి. చదువు రాకపోతే ఆ రోజు పేరు నోటితో చెప్పించుకోండి. రెండోది, పిల్లాడు నీరసంగా ఉన్నాడు, బలానికి టానిక్ ఇవ్వమని ఆమే అడుగుతుంది. ఆ సీసాల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. సుబ్బారావు గారి ఒక మందు ఆయన ఇంకో మందుకే అడ్డుపడొచ్చు. ఆస్పత్రి కార్డు చూడకుండా, డాక్టరును అడగకుండా ఆ సీసా కౌంటరు దాటనివ్వకండి.

బీ.ఎడ్. వాళ్లకు ఎక్కువ చెప్పాలి. జూన్‌లో అడ్మిషన్ల రోజున చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అని తల్లిని అడగండి, పదిమంది ముందు కాదు, పక్కకు పిలిచి. అవునంటే మిగతా టీచర్లకు చెప్పొచ్చా అని ఆ తల్లినే అడగండి. వద్దంటే జబ్బు పేరు ఎత్తకుండానే సాయం చేయొచ్చు. ముందు బెంచీ ఇవ్వండి. బోర్డు మీదిది ఎక్కించుకోమనకుండా పక్క అమ్మాయి నోట్సు జిరాక్స్ తీయించండి. పది లెక్కలకు బదులు ఐదు ఇవ్వండి, ఆ ఐదు పూర్తిగా చేయనివ్వండి. ఎక్కాల చార్టు చూసి చేస్తే కొంప మునగదు. "పుస్తకం తీసి, ముప్పై రెండో పేజీలో మూడో లెక్క చేసి, వచ్చి నాకు చూపించు" అని మీరు ఊపిరి తిప్పుకోకుండా అంటారు. అందులో నాలుగు పనులున్నాయి. వాడు పుస్తకం తీసి కూర్చుంటాడు. మాట వినడని రిపోర్టులో రాస్తారు. ఒక్కొక్కటీ చెప్పి చూడండి, ఎలా వింటాడో మీకే తెలుస్తుంది.

క్లాసులో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షలకు ఇంకో పావుగంట ఇవ్వడానికి మీకు ఏ జీవో అక్కర్లేదు, హెడ్మాస్టరు గారికి ఒక మాట చెబితే చాలు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల దారి వేరు. అక్కడ కాగితాలు కావాలి. వాటికోసం తొమ్మిదో తరగతి మొదట్లోనే తల్లిదండ్రులను కదిలించండి. అటక మీది ఫైలు దింపించండి, ఏయే మందులు ఇచ్చారో, తలకు రేడియేషన్ ఇచ్చారో లేదో రాసిన కాగితం ఉందేమో చూడండి. లేకపోతే చికిత్స చేసిన ఆస్పత్రి నుంచి రాయించి తెమ్మనండి. ఆ కాగితంతో పరీక్ష చేయించడానికి ఎటు వెళ్లాలో వాళ్లకు తెలియదు, తోడు వెళ్లాల్సి వస్తే ఒక పూట సెలవు పెట్టండి. పరీక్ష ఫీజు కట్టే వేళకు మొదలుపెడితే అందదు.

ఇక పేర్లు పిలుస్తారు. అభినందనలు.