ఆపవలసిన కోపం, ఆపరాని కన్నీరు
(ఉపన్యాస పాఠం)



కార్తీకం వచ్చిందంటే ఏలూరు మొదలు తాడేపల్లిగూడెం దాకా, కొల్లేటి లంకలలో సైతం, నల్లవస్త్రాలు ధరించిన స్వాములు దర్శనమిస్తారు. వారిలో కొందరు సంవత్సరమంతా మద్యానికి వశులై, మండల దీక్ష 41 దినాలూ చుక్క ముట్టనివారు. ఆ దినాలలో వారి కోపం కూడా అణగి ఉంటుంది. అందుకు నియమమొక్కటే కారణం కాదు. కన్నతల్లి మొదలు కిరాణా కొట్టువాని వరకు అందరూ 'స్వామీ' అని పిలుస్తారు. అలా పిలిచినవారిపై నోరు పారవేసుకోవడం ఎవరికైనా కష్టమే. మాల తీసిన మరునాడు ఆ పిలుపు ఉండదు. ఆపైన కూడా మద్యం మానదలచినవారికోసం, వారి ఇంటివారికోసం ఈ నాలుగు మాటలు.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆచార్యుడు వేగాలను రెండుగా విభజించాడు. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన 13 వేగాలను ఆపరాదు. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య మొదలైనవాటిని ఆపుకోవాలి. ఇందులో సూక్ష్మం గమనించండి: శోకాన్ని అదుపు చేయమన్నాడే గాని, వచ్చిన కన్నీటిని ఆపమనలేదు. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలక్రిందులు. మగవాడు కేకలు వేస్తే 'వాడి స్వభావమంతే' అంటాము. ఏడిస్తే 'మగవాడివి, ఏడుపేమిటి' అంటాము.

మద్యం మానినవానికి తొలి వారాలలో నిద్ర సరిగా పట్టదు, చిన్న శబ్దానికే చిరాకు కలుగుతుంది. మత్తు ఇన్నాళ్ళూ కప్పిపెట్టిన సిగ్గు, అప్పుల భయం, ఎన్నడో పోయిన తండ్రిని గూర్చిన దుఃఖం ఒక్కసారిగా పైకి వస్తాయి. అతడు ఎరిగిన దారి కోపమొక్కటే కనుక అన్నీ కోపంగానే బయటపడతాయి. అప్పుడు ఇంటివారు 'తాగినప్పుడే నయం' అంటారు. దయచేసి ఆ మాట అనకండి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని కొల్లేరు సముద్రానికి పంపేది ఉప్పుటేరు గుండా. ఆ దారి పూడితే లంకలు మునుగుతాయని ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. మనిషికీ ఒక ఉప్పునీటి దారి ఉన్నది.

కన్నీటిని ఆపితే హృద్రోగం, అరుచి, భ్రమ మొదలైనవి కలుగుతాయని అదే అధ్యాయం చెబుతున్నది. అందుకు చికిత్సగా నిద్ర, మద్యం, ప్రియమైన కథలు అని మూడు చెప్పాడు. ఔను, మద్యమే! ఏడవలేనివాడు తాగుతాడని ఆయనకు తెలుసునేమో. మన రోగికి ఆ నడిమిదానిని కొట్టివేయాలి, తక్కిన రెండూ మిగులుతాయి.

ఇక క్రోధం. విషయచింతన నుండి సంగం, దానినుండి కామం, కామంనుండి క్రోధం, ఆపైన సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం అని గీత రెండవ అధ్యాయం క్రమం చెప్పింది. క్రోధానికీ సమ్మోహానికీ మధ్య వ్యవధి బహు స్వల్పం. అప్పుడు వాదన పనికిరాదు. లేచి అవతలికి వెళ్ళి, కాళ్ళు కడుగుకొని, మంచినీళ్ళు త్రాగాలి. వేళకు అన్నం తిన్నాడా, రాత్రి నిద్రించాడా అన్నది కూడా చూచుకోవాలి. ఆకలి, నిద్ర ఆ 13లోనివే కదా. కుదుటపడిన తరువాత, కోపానికి ముందు తన మనస్సు దేనిని తలచుచున్నదో వెదకాలి. చాలసార్లు అక్కడ పాత సావాసగాడో, చేతికందిన కూలిడబ్బో కనిపిస్తుంది.

చేయి లేచే కోపాన్ని భార్యాబిడ్డలు సహిస్తూ కూర్చోనక్కరలేదు. ముందు వారు అక్కడినుండి తొలగాలి.

మరొక మాట. చిరకాలం అధికంగా త్రాగినవారు ఒక్కమారుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం కావచ్చు. దీక్షకు పూనుకొనే ముందే వైద్యుని సంప్రదించాలి. మత్తు విముక్తికి జాతీయ సహాయవాణి 14446.

గురుస్వాములకు నాదొక మనవి. మాల తీసిన శిష్యుణ్ణి అక్కడితో విడిచిపెట్టకండి. 42వ నాటి సాయంకాలం అతని ఇంటికి వెళ్ళి, కాఫీ పుచ్చుకొని, ఒక అరగంట కూర్చోండి. అతడేమి చెప్పినా వినండి. కంట తడి పెడితే మాట మార్చకండి.