బిడ్డల స్థూలకాయము – వ్యాయామము



మన చిత్తూరు, తిరుపతి సీమలలో పదునాలుగేండ్ల బాలుడు కొంచెము లావుగా కనబడినచో, రచ్చబండకడ "ఏమిరా, ఇంటి గాదె ఖాళీ చేసితివా?" అని నవ్వుట పరిపాటి. ఆ నవ్వు మనకు వేడుక, వానికి ములుకు. మరునాటినుండి వాడు ఆటకు రాడు. ఏ ఆట వానికి మందో, దానికే దూరమగును.

2022వ సంవత్సరమున లోకమునందు 5 మొదలు 19 ఏండ్ల వయసువారిలో 39 కోట్లమందికి పైగా అధికభారము గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కించినది. బడికి నడచుట పోయి బస్సు వచ్చినది. చెడుగుడు పోయి సెల్‌ఫోను వచ్చినది. కావున నిది పట్టణములకే చెందిన సంగతి కాదు.

బరువు వేరు, కొవ్వు వేరు. త్రాసు మొత్తము బరువునే చెప్పును గాని, అందు కండ యెంత, కొవ్వెంత యని చెప్పదు. వ్యాయామము చేయు బిడ్డకు కొవ్వు తరుగుచుండగా కండ పెరుగును. ఎదుగు వయసు గనుక ఎముకయు పెరుగును. రెండు నెలల పిమ్మట తూచినను ముల్లు కదలకుండవచ్చును. అది చూచి "నీ శ్రమ వ్యర్థము" అనకుడు. నడుము కొలత చూడుడు. మెట్లెక్కునపుడు రొప్పు తగ్గెనా యని చూడుడు.

కెనడా దేశమున 14 మొదలు 18 ఏండ్ల వయసుగల 304 మంది స్థూలకాయులను 22 వారములు పరీక్షించి, 2014లో ఫలితము ప్రకటించిరి. అందరికిని ఆహారనియమము చెప్పిరి. కొందరిచేత ఊపిరి పెంచు వ్యాయామము, కొందరిచేత బరువులతో కసరత్తు, కొందరిచేత రెండును చేయించిరి. ఆహారనియమము మాత్రమే గలవారికంటె ఈ మూడు తెగలవారికిని దేహమునందలి కొవ్వు పాలు ఎక్కువగా తగ్గినది.

ఇందులకు యంత్రములు అక్కరలేదు. వడిగా నడచుట, ఈత, చెడుగుడు చాలును. వారమునకు మూడు దినములు దండీలు, బస్కీలు చేర్చవలెను. దినమునకు సగటున 60 నిమిషములు గమ్యము. పది నిమిషములతో మొదలిడి, వారము వారము పెంచవలెను. అలిపిరి దారిలో 3,550 మెట్లు కలవు. ఏటికొకమారు అవి యెక్కి, వారము దినములు కాళ్లు పట్టించుకొనుట భక్తియగును గాని వ్యాయామము కాదు. ఊరి గుట్టను వారమునకు నాలుగుమారు లెక్కుట మేలు. రొమ్ములోగాని మోకాళ్లలోగాని నొప్పి కలిగినచో వైద్యునికి చూపవలెను.

బిడ్డను పస్తుంచరాదు. ఎదుగు దేహమునకు సంగటియు, పప్పును, ఆకుకూరయు కావలెను. తగ్గింపవలసినవి అంగడి తీపి పానీయములు, నూనె చిరుతిండ్లు.

ఆడబిడ్డ పెద్దమనిషి యైనంతనే ఆట మాన్పించుట మన యిండ్లలో కలదు. ఆ వయసుననే ఆమెకును వ్యాయామము మిక్కిలి యవసరము. పరీక్షల పేరిట బాలుర ఆటగంటను, మర్యాద పేరిట బాలికల ఆటగంటను మనమే లాగుకొనుచున్నాము. దానిని తిరిగి యీయవలసినవారమును మనమే. రేపటి సాయంకాలము మనుమనిని, మనుమరాలిని వెంటబెట్టుకొని చెరువుకట్టపై నడువుడు. ఎగతాళికి రాని బిడ్డ తోడుకు వచ్చును.