జొన్న పుట్టిన సీమ: మన కళాశాలలలో ఆఫ్రికా అధ్యయనము



2020లో జాతీయ విద్యావిధానము వెలువడినది మొదలు, ప్రధాన విషయమునకు తోడుగా మైనరు అను పేర మఱియొక విషయమును అభ్యసించు పద్ధతిని గూర్చి కళాశాలలలో చర్చ సాగుచున్నది. ఆ రెండవ స్థానమున ప్రపంచములోని ఒక భూభాగమును, దాని భాషతో, చరిత్రతో, వ్యవసాయముతో, రాజ్యవ్యవస్థతో కూడ చదువగోరు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులకు నేను విన్నవింపదలచిన దొక్కటే: మీరు ముందుగా పశ్చిమాఫ్రికా వైపు చూడుడు.

ఏల యందురేమో, మన పొలములే చెప్పును. మన రొట్టెకు పిండి నిచ్చు జొన్న, సహారాకు దక్షిణపు సీమలందు మానవుని చేత మచ్చికయై, వేలయేండ్ల క్రిందటనే సముద్రము దాటి మన దేశమునకు వచ్చినది. సజ్జయు ఆ గడ్డదే. పాలమూరు చెలకల నేలిన ఆముదము సైతము తూర్పు ఆఫ్రికాలో పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞులందురు. మనము పల్లి యని పిలుచు వేరుశనగ మాత్రము దక్షిణ అమెరికా సంతతి; అది ఐరోపా నావికుల రాకపోకల వలన అచ్చటికిని ఇచ్చటికిని చేరినది.

ఆ పల్లి కథను కొంచెము నిలిచి వినవలెను. ఉత్తర నైజీరియాలోని కానో నగరమున, 1950, 60 దశాబ్దములలో, ఎగుమతికై వేచియున్న పల్లి బస్తాలను పిరమిడ్ల ఆకృతిలో ఆకాశమునకు పేర్చెడివారు. కాని రైతుచేతి కందిన వెల, సర్కారు నెలకొల్పిన క్రయసంస్థ నిర్ణయించినదే గాని, ప్రపంచ విపణిలో పలికినది కాదు. పిమ్మట 1970లలో అనావృష్టియు, రోజెట్ తెగులును పంటను దెబ్బతీయగా, పెట్రోలు రాబడి మరగిన ప్రభుత్వము సేద్యమును ఉపేక్షింపగా, ఆ పిరమిడ్లు కనుమరుగైనవి. యాసంగి పల్లిని మార్కెట్టుకు తోలి, ధర కొఱకు పడిగాపులు పడు తండ్రుల బిడ్డలకు ఈ చరిత్రకంటె సన్నిహితమైన పాఠ మేది? వనపర్తి మార్కెట్టును ఎఱిగినవాడు కానోను గూర్చి అడుగు ప్రశ్నలు లండను పండితునికి తోచునవి కావు.

ఈ దారి మనకు పూర్తిగా క్రొత్తదియు గాదు. వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావుగారు, 1950ల తొలి వత్సరములలో, భారత దౌత్యాధికారిగా నైరోబీలోను, గోల్డ్ కోస్టు రాజధానియైన అక్రాలోను ఉండిరి. వారు మహబూబ్‌నగరు నుండి లోక్‌సభ కెన్నికైన 1957వ సంవత్సరముననే ఆ గోల్డ్ కోస్టు ఘానా యను స్వతంత్ర దేశమైనది. ఇక 1972లో మన పటాన్‌చెరువున వెలసిన ఇక్రిశాట్ సంస్థ, జొన్న, సజ్జ, పల్లి పంటలపై పరిశోధన సాగించుచు, నైజర్ దేశమునను కేంద్రము నెలకొల్పినది. శాస్త్రజ్ఞు లెఱిగిన ఈ బాంధవ్యమును మన పట్టభద్రు లెఱుగకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

ప్రాంతాధ్యయనము లన్నియు ఏదో యొక ప్రయోజనమునకై పుట్టినవే. లండనులో 1916లో ప్రాచ్యవిద్యా పాఠశాల సామ్రాజ్యపు అధికారుల శిక్షణకై వెలసినది. 1957లో రష్యావారు స్పుత్నిక్‌ను ఎగురవేయగా, మరుసటి యేడే అమెరికా దేశరక్షణ పేర చట్టము చేసి విదేశభాషల బోధనకు ధనము కురిపించినది. మన గద్వాల సీమయైన నడిగడ్డ చెంతనే 1520లో జరిగిన రాయచూరు యుద్ధమును విపులముగా వ్రాసిపెట్టినవాడు నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు. అన్యులు తమ యవసరమునకై మనలను చదివిరి. మనము మన రైతు యవసరమునకై అన్యులను చదువుట తప్పెట్లగును?

అయితే భాష లేని ప్రాంతాధ్యయనము నిష్ఫలము. నైజర్, సెనెగల్ దేశముల పాలన ఫ్రెంచిలో నడచును. కానో అంగడి హౌసా మాటలాడును. ఫ్రెంచి నేర్పు విశ్వవిద్యాలయము హైదరాబాదుననే యున్నది. హౌసాకు మాత్రము ప్రత్యేకముగా గురువును వెదకవలసియుండును, వెదకుడు. మూడు పట్టణముల కళాశాలలును కలిసి, 2008లో స్థాపితమైన మన పాలమూరు విశ్వవిద్యాలయమునకు ఒక పాఠ్యప్రణాళికను సమర్పింపుడు. అందు తొలి పత్రము పల్లి, జొన్నల చరిత్ర కావలెనని నా మనవి.