పాల ప్యాకెట్ మీద భయం

2020 లాక్‌డౌన్ రోజులు గుర్తున్నాయి కదా! పాల ప్యాకెట్లను సబ్బు నీళ్లతో కడిగాం, కూరగాయలను ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో నానబెట్టాం. నోట్లను ఇస్త్రీ చేసినవాళ్లూ ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా ఉండగలదని ఆ మార్చిలోనే శాస్త్రవేత్తలు చెప్పారు. గంటలు గడిచేకొద్దీ దాని మోతాదు బాగా పడిపోతుందని కూడా అదే పరిశోధనలో ఉంది. ఆ ముక్క మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క తేల్చింది: వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువ. వైరస్ సోకే అసలు దారి గాలి. తలుపు గడియలు తుడిచి తుడిచి అలసిపోయి, కిటికీలు మాత్రం బిగించుకున్న ఇళ్లను తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

బయటి నుంచి రాగానే, తినేముందు 20 సెకన్లు సబ్బుతో చేతులు రుద్దుకుంటే చాలు. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొర విచ్ఛిన్నమవుతుంది. కూరగాయలకు సబ్బు వద్దు, మంచినీళ్లు చాలు. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

చేతులు కడిగాక కూడా ‘మళ్లీ ఒక్కసారి’ అని మనసు పోరుతుందా? కుళాయి దగ్గరికి వెళ్లకుండా పది నిమిషాలు ఆగి చూడండి. ఆరాటం మెల్లగా దానంతటదే తగ్గుతుంది. చర్మం పగిలేదాకా కడుగుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే, చాదస్తమని దెప్పకండి. అది చికిత్సతో తగ్గే సమస్య. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.