పాత పందెం కార్లు, రాయని పేర్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడాలిరా, ఏదైనా సరే, అమెరికా గొప్పలు మాత్రం వద్దు" అన్నారు. నాకు ఇంజన్లు తప్ప వేరే ఏమీ తెలియవు. ఇండియానా రాష్ట్రంలో ఒక ఇంజన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. సెలవు రోజుల్లో ఒక షెడ్డుకి వెళ్లి, పాత పందెం కార్లు బాగుచేసే ముసలివాళ్లకి చేతిసాయం చేసేవాణ్ణి. ఆ కార్ల గురించి, వాటిని నడిపినవాళ్ల గురించి చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పుకోవడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆ కార్లను స్ప్రింట్ కార్లు అంటారు. టీవీలో చూసే ఫార్ములా వన్ లాంటివి కావు. అర మైలు చుట్టుకొలత ఉన్న మట్టి ట్రాక్ మీద ఎడమవైపుకే తిరుగుతూ పరిగెత్తేవి. వీటికి స్టార్టరు లేదు, క్లచ్ లేదు, మన కార్లలో ఉండే గేర్ల పెట్టె లేదు. వెనకనుంచి ఇంకో బండి నెడితేనే ఇంజను అందుకుంటుంది. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. కుడి టైరు ఎడమ టైరు కన్నా పెద్దది, అందుకని బండి దానంతట అదే ఎడమకి లాగుతుంది. మలుపులో వెనక భాగం బయటికి జారుతుంటే, డ్రైవరు స్టీరింగు కుడికి తిప్పి, యాక్సిలరేటరుతో బండిని అదుపులో పెట్టాలి. బండి ఎడమకి పోతుంటే ముందు చక్రాలు కుడికి చూస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ప్రతి మలుపులోనూ బోల్తా పడుతుందనుకున్నాను.

ఈ పందేలు పుట్టింది మన తిరునాళ్ల లాంటి చోట్ల. అక్కడ ప్రతి జిల్లాకీ ఏడాదికొకసారి సంత జరుగుతుంది. మన దగ్గర ఎడ్లతో బండ లాగించినట్టు, అక్కడ తేలికపాటి బండి కట్టి గుర్రాలను పరిగెత్తించేవారు. దానికోసం వేసిన మట్టి బాటలు ఊరూరా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్లు వచ్చాక అవే బాటల మీద కార్లు పరిగెత్తాయి. 1933లో మిడ్జెట్లనే చిన్న పందెం కార్లు మొదలయ్యేసరికి, వీటిని వేరుగా గుర్తుపట్టడానికి పెద్ద కార్లు అనేవారు. వంద మైళ్ల ఛాంపియన్‌షిప్ పందేలతో పోలిస్తే వీటి పందేలు పొట్టివి. అందుకే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్ప్రింట్ కార్లన్న పేరు స్థిరపడింది.

వీటి గుండెకాయ ఇంజను. లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ మిల్లర్ అనే ఆయన వర్క్‌షాపు ఉండేది. లియో గూసెన్ బొమ్మ గీస్తే, ఫ్రెడ్ ఆఫెన్‌హౌసర్ లోహంలో దాన్ని చేసి పెట్టేవాడు. 1933లో మిల్లర్ దివాలా తీశాడు. ఆఫెన్‌హౌసర్ అచ్చులూ యంత్రాలూ కొనుక్కుని పని కొనసాగించాడు. ఆ నాలుగు సిలిండర్ల ఇంజనునే ముద్దుగా ఆఫీ అంటారు. దశాబ్దాల పాటు మట్టి ట్రాకుల మీద దాన్ని కొట్టినది లేదు. కాకపోతే ఖరీదెక్కువ. 1955లో షెవ్రొలే కంపెనీ మామూలు కార్లకోసం చిన్న వీ-8 ఇంజను తెచ్చింది. పాత ఇనుప సామాను కొట్లో కూడా దొరికే ఇంజను అది. కుర్రాళ్లు దాన్ని తెచ్చి సానబెట్టి పందెం కార్లకి బిగించారు. 1960లు వచ్చేసరికి స్ప్రింట్ కార్లలో ఆఫీ వెనకబడింది.

నడిపినవాళ్లలో చాలామంది మామూలు మనుషులే. పెన్సిల్వేనియాలో ఓలీ అనే ఊళ్లో టామీ హిన్నర్‌షిట్జ్ అనే రైతు ఉండేవాడు. వారమంతా సేద్యం, పందెం రోజున స్టీరింగు. తూర్పు ప్రాంతపు ఛాంపియన్‌షిప్ ఏడుసార్లు గెలిచాడు. జనం ఆయన్ని ఎగిరే రైతు అనేవారు. 1978లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన మారియో ఆండ్రెట్టి కూడా ఇటలీ నుంచి శరణార్థిగా వచ్చి, ఒక అర మైలు మట్టి ట్రాక్ మీదే పందేలు మొదలుపెట్టినవాడు.

ఆ రోజుల్లో డ్రైవరు తల మీద ఇనుప చట్రం ఉండేది కాదు. బండి పల్టీ కొడితే మొదట నేలకి తగిలేది మనిషి తలే. 1966 ఒక్క ఏడాది చాలు చెప్పడానికి. జూన్‌లో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో ఒకే ప్రమాదంలో జడ్ లార్సన్, రెడ్ రీగెల్ చనిపోయారు. నవంబరులో కాలిఫోర్నియాలోని ఆస్కాట్ పార్క్‌లో మళ్లీ ఒకే ప్రమాదంలో డాన్ బ్రాన్సన్, డిక్ అట్కిన్స్ పోయారు. నలుగురూ పేరున్నవాళ్లే. పంజరం లాంటి చట్రం అందరి బళ్లకీ రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. మా షెడ్డులో గోడమీద పాత గ్రూపు ఫొటో ఒకటి ఉండేది. అందులో ఒక్కొక్కరి మీద వేలు పెట్టి మా ముసలాయన "పోయాడు, పోయాడు, వీడు బతికాడు, పోయాడు" అని చెప్పేవాడు. మన హాజరు పట్టీ చదివినట్టే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక పాత కారు దొరికింది, దాన్ని ఎవరు కట్టారో, ఎవరు నడిపారో తెలుసుకోవడమెలా?

మన కార్లకి చాసిస్ నంబరు ఉంటుంది. వీటిలో చాలావాటికి అది లేదు. తోక మీద అంకె ఏటా మారుతుంది, ఛాంపియన్ అయితే ఒకటో నంబరు వస్తుంది. యజమాని మారితే రంగు మారుతుంది. ఇంజను ఊడదీసి ఇంకో బండికి బిగిస్తారు. పైగా కారు ఒకరిది, మెకానిక్కు ఒకరు, నడిపేది ఇంకొకరు. ఈ వారం ఈ కారు నడిపినవాడు వచ్చేవారం వేరే కారు ఎక్కుతాడు.

అందుకని మిగిలిన గుర్తులు పట్టుకోవాలి. పాత ఫొటోలో బానెట్ మీద గాలి చీలికలు ఎన్నున్నాయో లెక్కపెడతాం. రివెట్లు లెక్కపెడతాం. తోక మీద సొట్ట ఎక్కడుందో చూస్తాం. స్ప్రింగు ఎక్కడ బిగించారు, గొట్టం ఎలా వంచారు, వెల్డింగు అతుకు ఎలా పోశారు అన్నది కట్టినవాడి చేతిరాత లాంటిది. అలవాటైన కంటికి అది ఎవరి చేయో తెలిసిపోతుంది. కాగితాలున్నాయి గానీ కాగితాన్ని గుడ్డిగా నమ్మకూడదు. పందెం రోజున అమ్మే పుస్తకం ముందే అచ్చవుతుంది. అందులో పేరున్నవాడు ఆ రోజు రాకపోవచ్చు, పేరులేనివాడు కారెక్కి ఉండొచ్చు.

నా తప్పు ఇక్కడే జరిగింది. మా షెడ్డుకి ఒక కారు వచ్చింది. ఒక ప్రసిద్ధ డ్రైవరు నడిపిన కారని యజమాని నమ్మకం. ఎడమవైపు చట్రం మీద, వెనక భాగాన, వికారంగా గడ్డలు కట్టిన అతుకు ఒకటుంది. గ్రైండరు తీసుకుని దాన్ని నున్నగా అరగదీశాను. రంగు వేశాక అక్కడ అతుకుందని ఎవరికీ తెలియనంత బాగా చేశాను. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

ఆ వేసవిలో పాత కార్ల ప్రదర్శన జరిగింది. ఎనభై ఏళ్ల ఆవిడ ఒకరు కర్ర పట్టుకుని వచ్చారు. కారు చుట్టూ తిరిగి, కష్టపడి వంగి, చట్రం కింద చెయ్యి పెట్టి తడిమారు. ఇంకోసారి తడిమి, "ఇక్కడుండాలే" అన్నారు. ఏమిటమ్మా అని అడిగాను. "మా నాన్న అతుకు" అన్నారు. ఒక సంతలో పందెం ముందురోజు చట్రం విరిగిందట. వాళ్ల నాన్న రాత్రంతా కూర్చుని పొలం షెడ్డులో అతికాడట. మర్నాడు రావలసిన డ్రైవరు రాకపోతే ఆయనే కారెక్కాడట. ఆయనది ఎడమచేతి వాటం, ఆయన అతుకు అందరిలా ఉండదు, కళ్లు మూసుకుని తడిమినా చెప్పగలను అన్నారావిడ.

చేతిసంచిలోంచి ఫొటో తీశారు. నంబరు వేరు, రంగు వేరు. కానీ బానెట్ మీద చీలికలు లెక్కపెడితే సరిపోయాయి. చట్రం మీద ఆ గడ్డలు ఫొటోలో మసగ్గా కనబడుతున్నాయి. ఆ రోజు పుస్తకంలో ఆయన పేరు లేదు, ఉండదు కూడా. ఆయన ఆ కారు నడిపాడనడానికి మిగిలిన సాక్ష్యం ఆ అతుకు. దాన్ని నా చేతులతో పొడి చేసి ఊడ్చిపారేశాను. ఆవిడకి ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు నోరు రాలేదు. చెప్పాక ఆవిడ కోప్పడలేదు. "పోనీలే నాయనా, నీకేం తెలుసు" అన్న అర్థం వచ్చేలా నా చెయ్యి తట్టారు. కోప్పడి ఉంటే బాగుండేది.

యజమాని బోర్డు మార్చడానికి ఒప్పుకోలేదు. రుజువేదీ అన్నాడు. నిజమే, రుజువు లేకుండా చేసింది నేనే. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను. ఎక్కడ అతుకుండేదో, ఎలా ఉండేదో, ఏ తేదీన నేను అరగదీశానో, ఆవిడ ఏం చెప్పారో రాసి, ఫొటో నకలు జతచేసి, సంతకం పెట్టి, కారు ఫైలులో పెట్టాను. ఆ తర్వాత ఏ అతుకునీ ఫొటో తీయకుండా ముట్టుకోలేదు.

ఆ తర్వాతే నాకు ఇంకో సంగతి పట్టింది. కొందరి పేర్లు పొరపాటున తప్పిపోలేదు, కావాలనే రాయలేదు. ఆ రోజుల్లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ నడిపే పెద్ద పందేల్లో నల్లవాళ్లకి చోటు లేదు. ఇండియానాపొలిస్‌లో చార్లీ విగ్గిన్స్ అనే నల్లజాతి మెకానిక్ ఉండేవాడు. చెత్తకుప్పలో దొరికిన భాగాలతో సొంతంగా పందెం కారు కట్టుకున్నాడు. పెద్ద పందేలు రానివ్వకపోతే, నల్లజాతి వాళ్లు తమ పందెం తామే పెట్టుకున్నారు. 1924 ఆగస్టులో అదే నగరంలో, ఒక మైలు మట్టి ట్రాక్ మీద, వంద మైళ్ల పందెం. దాని పేరు గోల్డ్ అండ్ గ్లోరీ. విగ్గిన్స్ దాన్ని నాలుగుసార్లు గెలిచాడు. 1936లో అదే పందెంలో జరిగిన ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. అంతటితో ఆ పందేలూ ఆగిపోయాయి. ఆయన మాత్రం తనకి తానే కొయ్యకాలు చేసుకుని మెకానిక్ పని సాగించాడు.

పశ్చిమ తీరంలో రేజో జాక్ అని ఇంకొకడు. అసలు పేరు డ్యూయీ గాట్సన్. రేజో అన్నది ఆయన అమ్మిన ఒక ఇంజను భాగం పేరు. పందేల్లోకి రానిస్తారని ఒకచోట పోర్చుగీసువాణ్ణని, ఇంకోచోట ఇంకోటని చెప్పుకున్నాడు. గెలవడానికి వేగం చాలు గానీ, బరిలోకి దిగడానికి ఆయన తన పేరూ పుట్టుకా దాచుకోవాల్సి వచ్చింది. అయోవాలోని నాక్స్‌విల్‌లో స్ప్రింట్ కార్ల మ్యూజియం ఉంది, 1992లో తెరిచారు. అక్కడి గౌరవ జాబితాలో రేజో జాక్ పేరు చేరింది, ఆయన పోయిన యాభై ఏళ్ల తర్వాత.

ఇదంతా ఇక్కడెందుకు చెబుతున్నానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మన సంఘం అచ్చువేసిన పేర్ల పుస్తకం నిన్న రాత్రి చూశాను. చాలా శ్రమపడి చేశారు, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అందులో మా బ్యాచ్‌వి పందొమ్మిది పేర్లున్నాయి. పదో తరగతి గ్రూపు ఫొటోలో ఉన్నవాళ్లం పందొమ్మిది మందిమే. మరి ఆరో తరగతిలో నలభై ఇద్దరం ఉండేవాళ్లం.

మిగతా ఇరవై ముగ్గురిలో ఒకడు ఎనిమిదిలో బడి మానేసి, గేటు పక్కన సైకిలు షాపులో చేరాడు. చక్రం వంకర ఎలా తీయాలో, పుల్లలు ఎలా బిగించాలో, చెవి దగ్గర పెట్టుకుని బేరింగు చప్పుడు ఎలా వినాలో నాకు నేర్పింది వాడు. నేను ఇంజనీరునని చెప్పుకుంటున్నానంటే మొదటి పాఠం అక్కడే. వాణ్ణి అడక్కుండా ఇక్కడ పేరు చెప్పడం బాగుండదు. వాడు బతికే ఉన్నాడు, ఈ ఊళ్లోనే ఉన్నాడు, ఈ సభకి రాలేదు. పొద్దున కలిస్తే, "నేను పూర్వ విద్యార్థిని ఎలా అవుతానురా, పాస్ అవలేదు కదా" అన్నాడు.

ప్రధానోపాధ్యాయులు గారిని అడిగాను. పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయట, రెండింటికి చెదపట్టిందట. బడిలో అడుగుపెట్టిన ప్రతి పిల్లవాడి పేరూ, పిల్ల పేరూ, మధ్యలో మానేసినవాళ్లతో సహా, వాటిలోనే ఉంటాయి. సంఘం అనుమతిస్తే నేను ఊళ్లో ఉండే ఈ నెల రోజులూ కూర్చుని వాటిని ఫొటోలు తీస్తాను. పేర్లు ఎత్తి రాయడానికి ఇద్దరు ముగ్గురు తోడు కావాలి. ఎవరు ఎక్కడున్నారో గుర్తుపట్టడానికి ఈ వేదిక మీదున్న మాస్టార్లు కావాలి. వాళ్ల జ్ఞాపకం ఉండగానే ఈ పని జరగాలి.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు గది దగ్గర ఉంటాను. వచ్చేవాళ్లు రండి.