మార్జిన్ వదిలి అడగండి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నా ముందు మాట్లాడినవారు విపులంగా చెప్పారు. పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అన్నది ఆ తీర్పు. ఆ హక్కు మన తదనంతరం ఇంట్లోవారికి చేరాలంటే కాగితం సరిగా ఉండాలి. నేను చెప్పేది ఆ కాగితం సంగతే.

ఆఫీసులో డ్రాఫ్టు సగం మార్జిన్ వదిలి రాసేవాళ్లం, గుర్తుందిగా! ఆ ఖాళీ పై అధికారి దిద్దడానికి. తోటివారికి ఇచ్చి "కాస్త చూడండి, ఎలా ఉంది?" అంటే మాత్రం వచ్చే జవాబు ఒక్కటే, "బాగుందండీ" అని. పక్క సీటువాడితో తగవెందుకని కొందరు, టీ వేళ మించిపోతోందని కొందరు. వారిని తప్పుపట్టను. ప్రశ్నే అలాంటిది.

మా సూపరింటెండెంటు గారొకరు వేరేగా అడిగేవారు. "ఈ ఉత్తరం అందుకున్న తహసీల్దారు ఏం చేయాలి? ఏ తేదీలోగా? చదివి చెప్పవయ్యా" అనేవారు. మనం చెప్పలేకపోతే ఉత్తరం తిరగరాసేవారు గాని మనల్ని ఏమీ అనేవారు కాదు. వేలుపెట్టి చూపిస్తుంటే "నా ఉద్దేశం అది కాదు" అని అడ్డం వచ్చేవారూ కాదు. నా లెక్కన అదే అన్నిటికంటే కష్టం. వాదించిన మనిషికి రెండోసారి ఎవరూ ఉన్నమాట చెప్పరు.

కుటుంబ పెన్షన్ కోసం ఏమేం చేయాలో ఈమధ్య ఒక పేజీ రాసి, నలుగురు మిత్రులకు ఇచ్చి ఒకటే అడిగాను: "మీరు లేరనుకోండి, మీ ఆవిడ ఈ పేజీ పట్టుకుని బ్యాంకు పని చేసుకు రాగలరా? ఎక్కడ ఆగిపోతారు?" అశుభం మాట్లాడుతున్నానని కోప్పడకండి. ఒకాయన ఇంటికి తీసుకెళ్లి భార్యగారి చేతనే చదివించారు. ఆమె రెండో లైనులోనే ఆగారట. "పి.పి.ఓ. జతపరచమన్నారు, సరే. అది మనింట్లో ఎక్కడుంది?"

పెన్షన్ ఫైళ్ల మధ్య బతికినవారికి ఆ ప్రశ్న రాదు, ఇల్లు నడిపే మనిషికే వస్తుంది. ఇప్పుడు ఆ పేజీలో మరణ ధ్రువపత్రం మాట కంటే ముందు, పి.పి.ఓ. దాచిన చోటు రాసుకోవడానికి ఒక గీత ఉంది. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా అని రాసుకోవడానికి మరో గీత.

ప్రతులు బయట బల్లమీద పెట్టాము, సగం మార్జిన్ వదిలే ఉంది. ఇంట్లో చదివించి, ఆగిన చోట పెన్సిలుతో గుర్తుపెట్టి వచ్చే నెల సమావేశానికి తెండి. "బాగుంది" అని మాత్రం రాయకండి.

సెలవు.