పోస్ట్‌గ్రెస్ కేటలాగ్ క్వెరీల్లో ఊహించని ఎర్రర్లు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఏ టేబుల్‌కు ఏయే కాలమ్‌లు ఉన్నాయో, ఏ ఇండెక్స్ దేనికి చెందినదో తెలిపే సమాచారం కూడా టేబుళ్లలోనే ఉంటుంది. పీజీ_క్లాస్, పీజీ_అట్రిబ్యూట్ వంటి ఆ టేబుళ్లన్నిటినీ కలిపి సిస్టమ్ కేటలాగ్ అంటారు. వీటిపై రాసిన క్వెరీ హఠాత్తుగా ఎర్రర్ ఇస్తే డేటాబేస్ పాడైపోయిందన్న భయం కలగడం సహజమే గాని, చాలా సందర్భాల్లో లోపం డేటాలో ఉండదు.

అప్‌గ్రేడ్ చేసిన మర్నాడే కాన్‌ఎస్‌ఆర్‌సీ అనే కాలమ్ లేదన్న ఎర్రర్ వస్తే కారణం వెర్షన్‌లోనే ఉంది. చెక్ కన్‌స్ట్రెయింట్‌లోని షరతును అక్షరరూపంలో దాచిన ఆ కాలమ్, తర్వాత ఎవరైనా కాలమ్ పేరు మార్చినా పాత పేరునే చూపేది. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో దాన్ని తొలగించారు. పీజీ_గెట్_కన్‌స్ట్రెయింట్‌డెఫ్ ఫంక్షన్ ఆ షరతును అప్పటికప్పుడు కూర్చి ఇస్తుంది కాబట్టి ఈ తొలగింపు మంచిదే.

అంతకంటే తికమకపెట్టేది మరో ఎర్రర్: ‘క్యాష్ లుకప్ ఫెయిల్డ్ ఫర్ రిలేషన్ 24817’. చివరనున్న సంఖ్య ఓఐడీ, అంటే కేటలాగ్‌లో ఆ వస్తువుకున్న గుర్తింపు సంఖ్య. క్వెరీ తాను మొదలైనప్పటి స్థితిని, అంటే స్నాప్‌షాట్‌ను, చూస్తూ పోతుంటే, పీజీ_గెట్_ఇండెక్స్‌డెఫ్ వంటి ఫంక్షన్లు తాజాగా కమిట్ అయిన స్థితిని చూస్తాయి. ఈ రెంటి నడుమ మరో సెషన్ ఆ టేబుల్‌ను డ్రాప్ చేస్తే, క్వెరీకి కనిపించిన వస్తువు ఫంక్షన్‌కు దొరకదు. కొత్త వెర్షన్లలో ఇలాంటి కొన్ని ఫంక్షన్లు ఎర్రర్‌కు బదులు నల్ ఇస్తాయి. మళ్లీ నడిపినప్పుడు ఎర్రర్ మాయమైనా, సంఖ్య మారినా, తాత్కాలిక టేబుళ్లను సృష్టించి తొలగిస్తున్న ప్రోగ్రామ్ కోసం వెతకాలి.

ప్రతిసారీ అదే సంఖ్య వచ్చి, బ్యాకప్ తీసే పీజీ_డంప్ కూడా అక్కడే ఆగిపోతే మాత్రం నిజమైన నష్టాన్ని అనుమానించాలి. అప్పుడు కేటలాగ్ వరుసలను చేత్తో చెరిపివేయడం ప్రమాదకరం. సర్వర్‌ను ఆపి డేటా డైరెక్టరీ మొత్తాన్ని ముందుగా కాపీ తీయాలి. ఆ తర్వాత సర్వర్‌ను మళ్లీ ప్రారంభించి, సిస్టమ్ ఇండెక్సులను వాడకుండా చదివించే ఇగ్నోర్_సిస్టమ్_ఇండెక్సెస్ సెట్టింగ్‌తో కనెక్ట్ అయి పీజీ_క్లాస్‌లో 24817 కోసం వెతకాలి. వరుస దొరికితే చెడింది ఇండెక్స్ మాత్రమేనని భావించి రీఇండెక్స్ సిస్టమ్ నడపవచ్చు. వరుసే లేకపోతే రీఇండెక్స్ దాన్ని తిరిగి తేలేదు కాబట్టి బ్యాకప్ నుంచి పునరుద్ధరించాల్సి ఉంటుంది.